వేలాడే గీత

మొన్న నిజామాబాద్‌లో జిరాక్స్ షాపులో ఎవరో ట్రేసింగ్ షీటు చుట్ట విప్పారు. ఎండుటాకులు తొక్కినట్టు ఆ కరకర వినగానే నేను వచ్చిన పని మరిచిపోయాను. ఈ రోజుల్లో ఆ షీటు వాడేవాళ్లు తక్కువ. నాకు మాత్రం ఆ చప్పుడు వింటే బహ్రెయిన్‌లో సనాబిస్ పేటలోని మా పాత ఆఫీసు, ఎర్ర పెన్ను పట్టుకుని నా డ్రాయింగు మీదికి వంగిన హెండ్రిక్ సారు గుర్తొస్తారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బహ్రెయిన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా ఊరివాళ్ల లెక్కలో అదీ దుబాయే. హెండ్రిక్ సారు మా పై ఇంజనీరు, దక్షిణాఫ్రికా తెల్లాయన. వాళ్ల ఇంటి భాష డచ్చి నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్. ఎండకు కమిలిన ముఖంతో ఎప్పుడూ కోపంగా ఉన్నట్టు కనిపించేవారు. నిజానికి సగం రోజులు కోపంగానే ఉండేవారు. నేను చేరిన వారానికే మురుగు పైపుల డ్రాయింగు ఒకటి తప్పుల చుట్టూ చుట్టిన పదకొండు ఎర్ర సున్నాలతో నా బల్ల మీద పడింది. "ఈ గీత ఎక్కణ్ణుంచి వస్తోంది యూసుఫ్? గాల్లోంచా? గీతకు మొదలుండాలి, చివరుండాలి. ఇలా మధ్యలో వేలాడితే సైటులో వాడు ఎక్కడ తవ్వాలి?" అన్నారు. కావాలనే ఏడిపిస్తున్నాడనుకున్నాను. ఆరు నెలలకు సున్నాలు ఆగిపోయాయి. అప్పుడు కూడా మెచ్చుకోలేదు. మెచ్చుకోవడం ఆయన డ్యూటీలో లేదు.

ఒక గురువారం పని అయ్యాక, "సొంత పని ఒకటుంది, చేసిపెడతావా?" అని అడిగారు. వాళ్లమ్మకు డెబ్బై అయిదేళ్లు నిండుతున్నాయి. వంశవృక్షం పెద్ద షీటు మీద గీయించి బహుమతిగా ఇవ్వాలట. పాత రికార్డులు వెతికి పేర్లు పంపుతున్నది ఆయన చెల్లెలు. అందరికంటే పైన డచ్చి సిపాయి ఒకడు. అతని పక్కన భార్య: లేయా, కోరమాండల్ తీరం.

"ఇది ఇంటిపేరా సార్?"

"కాదు. ఓడెక్కించిన చోటు. మా దేశానికి తెచ్చి బానిసగా అమ్మారు. లేయా అన్నది కూడా ఆమె పేరు కాదు, కొన్నవాడు పెట్టింది." షీటు మీంచి తలెత్తి, "ఆ తీరం మీ వైపుదే కదా?" అన్నారు.

"మా జిల్లాకు సముద్రం లేదు సార్. కానీ ఆ తీరంలో తెలుగువాళ్లున్నారు, తమిళులూ ఉన్నారు."

"అయితే నీ భాషే మాట్లాడి ఉండొచ్చు."

"ఉండొచ్చు సార్," అన్నాను. నాకేమీ ఒళ్లు పులకరించలేదు. గడి గీసి, పేరు రాసి, సిపాయికీ ఆమెకూ మధ్య గీత కలిపాను. ఆ గీత నుంచి పిల్లలు, పిల్లల నుంచి పిల్లలు, అలా కిందికి దిగి హెండ్రిక్ సారు దాకా వచ్చింది.

రెండు వారాల తర్వాత ఆయన ముఖం వేలాడేసుకుని వచ్చారు. సంగతి తల్లి చెవిన పడింది. ఆ పేరుంటే కాగితం తన గడప తొక్కకూడదందట. "మా దేశంలో ఒకప్పుడు తెల్లవాళ్లలో వేరే రక్తం కలిసిందన్న మాట బయటపడితే ఇల్లు, బడి, పెళ్లి అన్నీ తలకిందులయ్యేవి. అమ్మ ఆ భయంలోనే బతికింది," అన్నారు.

నేను తెలివైనవాణ్ణనుకుని ఒక ఉపాయం చెప్పాను. కంప్యూటర్లో గోడలు ఒక పొరలో గీస్తాం, పైపులు ఇంకో పొరలో, కరెంటు మరొక పొరలో. వాటిని లేయర్లంటాం. వద్దనుకున్న లేయర్ని ఒక్క నొక్కుతో కనబడకుండా చేయొచ్చు, చెరపాల్సిన పని లేదు. "ఆమెను వేరే లేయర్‌లో పెడతాను సార్. అమ్మగారి కాపీలో ఉండదు, మీ కాపీలో ఉంటుంది." ఆయన తేలికపడ్డారు. "ఖలాస్, ఇక గొడవ లేదు, అలాగే చెయ్," అన్నారు.

ప్రింటు తీసి బల్ల మీద పరిచాను. అలవాటు కొద్దీ ఆయన ఎర్ర పెన్ను మూత తీశారు. పేర్లు చూసుకుంటూ పైకి వెళ్లి, సిపాయి పక్కన పెన్ను ఆపారు. గడి పోయినా గీత మిగిలింది. దాని చివర ఎవరూ లేరు. ఆయన చెయ్యి దానంతటదే చుట్టూ సున్నా చుట్టేసింది. పెన్నుకు మూత పెట్టారు. "ఈ డ్రాయింగు నేను పాస్ చేయలేను యూసుఫ్," అన్నారు. "లేయర్ ఆన్ చెయ్."

తల్లి పుట్టినరోజుకు సెలవు మీద వెళ్లి తిరిగొచ్చినప్పుడు ఆ చుట్ట ఆయన చేతిలోనే ఉంది.

"అమ్మగారు చూశారా సార్?"

"చూసింది. చుట్టి నా చేతికే ఇచ్చింది." గొంతు మామూలుగానే ఉంది. "బాధేసింది," అని కూడా అన్నారు. ఆ షీటును తన కుర్చీ వెనక గోడకు అంటించుకుని, "మీ ఇంట్లో ఉందా ఇలాంటిది?" అని అడిగారు.

ఉందని గొప్పగా చెప్పాను. దాన్ని మేము షజ్రా అంటాం. అరబ్బు దేశం నుంచి వచ్చిన పెద్దమనిషి మొదలు మా నాన్న దాకా అన్నీ మగపేర్లే, అద్దం బిగించి ఉంటుంది. "మరి మీ నాన్నకు నాయనమ్మ పేరేంటి?" అన్నారు. నాకు తెలియదు. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగాలనిపించలేదు. సిగ్గేసింది.

ఆ శుక్రవారం మనామా వెళ్లి మా మేనత్తకు ఫోన్ చేసి, వాళ్ల దాదీ, అంటే నాయనమ్మ, పేరు అడిగాను. ఉర్దూలో మొదలుపెట్టిన మనిషి తెలుగులోకి దిగింది. మా ఇంట్లో ఆడవాళ్లు దాపరికపు మాటలు తెలుగులోనే చెప్పుకుంటారు.

"గిప్పుడు గదంత ఎందుకు బిడ్డా నీకు? మా దాదీని నూర్‌జహాన్ బీ అనెటోళ్లు. అసలు పేరు నర్సవ్వ, మగ్గం నేసెటి సాలోళ్ల బిడ్డ. లగ్గమైనంక పేరు మార్చిన్రు. మీ నాయనకు ఎరికే. పైకి అనొద్దన్నరు, మేం అనలే."

హెండ్రిక్ సారు తర్వాత దేశం మారారు, ఎక్కడున్నారో తెలియదు. నేను ఇంటికి వచ్చేశాక షజ్రాను మళ్లీ గీసి ముందుగది గోడకు తగిలించాను. మా చిన్నాన్న ఇప్పటికీ వస్తే, దాన్ని చూడాల్సి వస్తుందని ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటాడు. ఆ షజ్రాలో మా ముత్తాత పక్కన ఒక గడి ఉంది: నర్సవ్వ, తర్వాత నూర్‌జహాన్ బీ. ఆమెను వేరే లేయర్‌లో పెట్టలేదు. తాతలందరూ ఉన్న లేయర్‌లోనే రాశాను. ఆమెను కనబడకుండా చేయాలంటే వాళ్లందరినీ తీసేయాలి.