జాతరలో రెండో లైన్

షామియానాలూ కుర్చీలూ వంట గిన్నెలూ కిరాయికిచ్చే వాళ్ల సరసన నిలబడి, మిర్యాలగూడలో ఇంటర్నెట్‌ను కిరాయికిచ్చిన మొదటివాణ్ని నేనేనని కొన్నాళ్లు చెప్పుకు తిరిగాను. అది తెలివితో పట్టిన వ్యాపారం కాదు. 2001లో పెట్టిన నెట్ సెంటర్ పదేళ్లకు ఖాళీ అయింది. జనం చేతుల్లోకే ఫోన్లు వచ్చాయి. మిగిలిన కంప్యూటర్లనూ వైర్ల చుట్టలనూ ఏం చేయాలో తోచక, జనం గుమిగూడే చోటికి మోసుకుపోవడం మొదలుపెట్టాను. కోదాడలో కాలేజీ వార్షికోత్సవం, మిర్యాలగూడలో మూడు రోజుల ప్రార్థన కూటాలు, హాలియాలో రైతుల సభ. వేలమంది ఒక్కచోట చేరితే ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి గాని ఫోన్ కలవదు, ఫొటో ఒక్కటి పోదు. నాలాంటివాడు ఎక్కడో దూరాన ఉన్న లైన్‌ను ఒక డిష్ నుంచి ఇంకో డిష్‌కు అందిస్తూ అక్కడిదాకా లాక్కురావాలి.

మాది కిరాణా కొట్టు. నాకు అక్షరాల కంటే ముందు బేరం వచ్చింది. షామియానా కంటికి కనిపించే సరుకు, చిరుగుంటే దొరికిపోతుంది. నా సరుకు కనిపించదు. కనిపించని సరుకు అమ్మడం కష్టమనుకుంటారు గాని, మా వాళ్లకు అంతకంటే సుఖమైన వ్యాపారం లేదు.

ఆ తర్వాత రెండేళ్లకు సూర్యాపేట అవతల ఒక గుట్ట జాతరకు పిలుపు వచ్చింది. గొర్ల కాపరుల జాతర. కమిటీ పెద్దాయనకు చదువు తక్కువ, ముందుచూపు ఎక్కువ. గుట్టకు ఇటొకటి అటొకటి, తప్పిపోయినవాళ్ల కోసం రెండు టెంట్లు వేయించాడు. గుట్ట అడ్డం కాబట్టి ఇటు మైకు అటు వినిపించదు.

"అటు దొరికిన పిల్ల ఫొటో ఇటు తెర మీద పడాలె. గంతే పని," అన్నాడు. "మరి లైను పోతే?"

"రెండు లైన్లు పెడత పెద్దాయనా. ఒకటి పోతే ఇంకోటి ఉంటది."

"నీ మాట మీద పిల్లలను పెడ్తున్నం సూడు."

మొదటి లైన్ సూర్యాపేటలో నెట్ కనెక్షన్లిచ్చే ఆయన ఇచ్చాడు. రెండు టెంట్లకూ కనబడే నీళ్ల ట్యాంకు మీద డిష్ పెట్టి, దాని కింద సిగ్నల్ పంచే తన డబ్బా బిగించాడు. రెండో లైన్ కోసం, అదే వ్యాపారం చేసే కోదాడ ఆయన దగ్గరికి పోయాను. ఆయన ఇంకో దిక్కున, బడి కప్పు మీద, వేరే డిష్ పెట్టాలి. అడిగిన దాంట్లో సగం ఇస్తానన్నాను. కుదరదన్నాడు. లేచాను. పిలిచాడు. మళ్లీ లేచాను. మూడోసారి బండి స్టార్ట్ చేసేదాకా పోయాక, నవ్వి, "సరే, కానీండి," అన్నాడు. ఆ నవ్వును నేను ఆయన ఓటమి అనుకున్నాను. దారంతా నా భుజం నేనే చరుచుకుంటూ వచ్చాను.

జాతర మొదటి రోజు అంతా సవ్యంగా సాగింది. రెండో రోజు పదకొండు గంటలప్పుడు, డోళ్ల చప్పుడుకు టెంటు గుడ్డ అదురుతుండగా, తెర ఆగిపోయింది. నేను కంగారుపడలేదు. పెద్దాయన మనిషి చూస్తున్నాడని కొంచెం ఠీవిగానే మొదటి వైరు పీకి రెండో వైరు పెట్టాను. తెర కదల్లేదు. పక్కనే కోదాడ ఆయన టీ తాగుతున్నాడు.

"ఏందన్నా, మీది గూడ పోయిందా?"

"అదీ ఇదీ ఒకటే గదండీ," అన్నాడు, తెలియదా అన్నట్టు. "మీరిచ్చే రేటుకి నేను వేరే డిష్ ఎట్టా పెడతాను? ట్యాంకు మీద పేటాయన డబ్బాలోంచే లాక్కున్నా. రెండు వైర్లు అడిగారు, రెండు వైర్లు వచ్చినయ్యిగా."

నాకు కోపం రావాలి. రాలేదు. మా బజారులో లేదు అనే మాట ఏ కొట్టూ అనదు. గిరాకీ అడిగిన సరుకు మన దగ్గర లేకపోతే, వెనక తలుపు గుండా పక్క కొట్టుకు పోయి తెచ్చి మనదే అన్నట్టు తూచి ఇవ్వడం మా ఆచారం. అట్లా నేనే ఎన్నిసార్లు తెచ్చానో లెక్కలేదు. పెద్దాయనకు రెండు కొట్లు చూపించాను, గోదాము ఒక్కటే. నేను ఒక్కసారైనా ట్యాంకు ఎక్కి చూడలేదు. సగం ధరకు పూర్తి సరుకు వస్తుందంటే మా బజారులో చంటిపిల్లలు కూడా నమ్మరు.

డబ్బా సంగతి చూడమని ఆయన్ను ట్యాంకు దగ్గరికి తోలాను. అప్పుడే ఒకామె వచ్చింది. నిడమనూరు దిక్కు మనిషి. భర్త మేళ్లచెరువులో సిమెంట్ లారీల మీద పనిలో ఉన్నాడట, ఆయన రాలేదు. ఏడేళ్ల కూతురు గుంపులో చేయి వదిలేసిందట.

మైకు పట్టుకున్నతను పేరు అడిగాడు.

"పేరు పిలిస్తె దానికేం ఇనవడ్తది అన్నా. దానికి చెవుడు, మాట గూడ రాదు. పచ్చ గౌను తొడిగిన."

మైకులో అదే చెప్పారు. ఆ మాట గుట్ట దాటలేదు.

"అటు దిక్కు టెంటు ఉందంట గద. పోయి సూసొస్త," అందామె.

"నువ్వటు పోతే పాప ఇటొస్తె ఎట్ల చెల్లె? ఐదు నిమిషాలు కూసో. లైన్ వస్తది, అటున్న పిల్లలందరి ఫొటోలు ఈడ్నే కనపడ్తయి."

కూర్చుంది. ఆ మాటలో కొంత నిజం ఉంది, కాదనను. అయినా అది నా నోట అంత నున్నగా రావడానికి కారణం వేరు. కూర్చున్న గిరాకీని లేవనివ్వకూడదని నాకు చిన్నప్పుడే నూరిపోశారు. సరుకు లేకున్నా సరే, మంచినీళ్లిచ్చి, ఇప్పుడొస్తదని చెప్పి కూర్చోబెట్టాలి. ఆమెకూ మంచినీళ్లిచ్చాను. అరగంటకొకసారి లేచేది. లేచినప్పుడల్లా ఇంకో ఐదు నిమిషాలన్నాను. కోదాడ ఆయనతో ఆడినట్టే, ఆమెతో నిమిషాలు బేరమాడాను. నాలాగా లేచిపోయే బెదిరింపు ఆమెకు తెలియదు. నిజంగానే పోదామని లేచేది, నేను చెప్పగానే నిజంగానే కూర్చునేది. కొంగు నోట్లో కుక్కుకుని ఆగిపోయిన తెర వైపే చూసింది.

ఒంటిగంట దాటాక కోదాడ ఆయన తిరిగొచ్చాడు. "డబ్బా కాలిపోయిందండీ. కొత్తది వచ్చేసరికి సాయంత్రం అవుద్ది," అన్నాడు, ఆమె వినేటట్టే.

ఆమె ఈసారి నా వైపు చూడకుండా లేచింది. నేను వెంట పోయాను. గొర్ల మధ్య, గజ్జెలు కట్టుకుని ఎగిరే మగవాళ్ల మధ్య, బోనాల వరుసలకు అడ్డం పడుతూ గుట్ట చుట్టి పోవడానికి గంట పట్టింది. దారిలో పచ్చ గౌను కనిపించిన ప్రతిసారీ ఆమె నడక ఆగేది. నేను దేవుడికి మొక్కుకోలేదు. మొక్కంటే నాకు బేరమే గుర్తొస్తుంది, ఆ రోజు బేరమాడే ముఖం లేదు.

అవతలి టెంటులో, బల్ల కింద, పిల్ల ఉంది. మోకాళ్ల మీద తల పెట్టుకుని, రెండు చేతులతో బల్ల కాలు పట్టుకుని కూర్చుంది. గౌను మీద తడిసి ఆరిన మరక. ముందు పెట్టిన పులిహోర ముట్టలేదు. అక్కడ పిల్లల్ని చూసుకుంటున్న టీచరమ్మ మమ్మల్ని చూసి లేచింది.

"పదకొండు దాటంగనె ఎవరో తీసుకొచ్చిన్రు. భయానికి మాట వస్తలేదనుకున్న, ఎంతడిగినా పేరు చెప్పలె. ఫొటో అప్పుడే తీసిన సార్, పోనే పోలె."

తల్లి బల్ల కిందికి దూరి కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. పిల్ల ఏడ్చింది. గొంతులోంచి మాటకాని చప్పుడు వచ్చింది, చాలాసేపు వచ్చింది. ఆ చప్పుడు తగ్గేదాకా నేను నిలబడే ఉన్నాను.

"తప్పు నాది చెల్లె," అన్నాను. "రెండో లైన్ దగ్గర కక్కుర్తి పడ్డ. లేకుంటే అప్పుడే ఫొటో కనపడేది."

ఆమె కొంగుతో పిల్ల ముఖం తుడుస్తోంది. "లైన్ల సంగతి నాకెరుక లేదన్నా. నువ్వు కూసొమ్మన్నవ్, కూసున్న."

అందులో నింద లేదు. నేను వెతికాను, దొరకలేదు. ఉంటే సులువుగా ఉండేది. నిందకు జవాబు చెప్పడం నాకొచ్చు.

ఆమె లేచి, పిల్ల మణికట్టుకు తన కొంగు చివర ముడివేసింది. పోబోతూ ఆగి, పిల్ల భుజం తట్టి, నన్ను చూపించి, రెండు చేతులూ దగ్గరికి చేర్చి చూపించింది. సాయం చేసిన పెద్దవాళ్లకు దండం పెట్టాలని ఇంట్లో నేర్పినట్టుంది. పిల్లకు వెంటనే అర్థమైంది. కొంగు కట్టిన చేతిని రెండో చేతితో కలిపి, తడి కళ్లతో నాకు దండం పెట్టింది.

వద్దని చెప్పాలంటే సైగ తెలియాలి. నాకు తెలియదు. తల వంచుకుని ఆ దండం తీసుకున్నాను.