అమ్మ మెడ ఏదీ?

చీపురుపల్లిలో ఖాళీ చేపల గంపతో ప్యాసింజరు ఎక్కిన ఆవిడ నా ఎదురుగా కూర్చుని, సరాసరి నా మెడకేసి చూసింది.

“ఏటమ్మా, కాలిందేటి?”

చిన్నప్పుడు స్టవ్ మంట అంటుకుందని చెప్పాను. ఆ మచ్చ బిగిసి మెడను లాగేస్తోందని, ఆపరేషన్‌కి అన్నయ్య ఉండే సింగపూరు వెళ్తున్నానని కూడా చెప్పాల్సి వచ్చింది. ఆవిడ అడగడం ఆపితే కదా.

“మెడ కోసం సముద్రం దాటతన్నావేటి? మా మొగోళ్ళు సేపల కోసవే అంత దూరం ఎల్లరు.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ముఖం తిప్పుకుందామంటే మెడ తిరగదు, ఒళ్ళంతా తిప్పుకోవాల్సి వచ్చింది. ఒళ్ళో పాప ఎప్పటిలాగే నా మచ్చ గట్లు తడుముతూ నిద్రపోయింది.

“మచ్చ తీసేస్తే ఈ గుంట సెయ్యెక్కడెట్టుకుని తొంగుంటాది?”

నాకు ఒళ్ళు మండింది. ఏం తినాలో, ఎలా పడుకోవాలో ఊరంతా చెప్పిన సలహాలు చాలక ఇదొకటి. ఆవిడ పాప వేళ్ళు తీసి నా చెవితమ్మె మీద పెట్టి, “ఇప్పట్నించే అలవాటు సెయ్యి” అని విజయనగరంలో దిగిపోయింది. పాప చేయి వెంటనే మచ్చ మీదికి వచ్చేసింది.

సింగపూరు నుంచి వచ్చి, నెలల తర్వాత ఆపరేషన్‌కి కట్టిన మెడపట్టీ తీసిన రోజున, పాప నున్నటి కొత్త చర్మమంతా తడిమి, “అమ్మ మెడ ఏదీ?” అని ఏడుపు అందుకుంది. జోలపాటకీ ఆగలేదు, బొమ్మకీ ఆగలేదు. చివరికి విసిగిపోయి దాని చేయి నా చెవి మీద పెట్టాను.

ఇప్పుడు నా మెడ అన్ని వైపులా తిరుగుతుంది. పాప నిద్రపోయేదాకా మాత్రం తల కదపడానికి లేదు. చెవి వదలదు.