పక్కన పెట్టిన నలభై ఒక్క సీసాలు

నగ్మా పేరు మీద పందొమ్మిది పరిశోధనాపత్రాలున్నాయి. అందులో పద్దెనిమిదింటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. మిగిలిన ఒక్కదాన్ని మాత్రం పదేళ్లలో ఆరువందల నలభై మంది పరిశోధకులు తమ రాతల్లో ఆధారంగా చూపించారు. ఆమె ప్రొఫెసరయింది దానివల్లే.

ఆమె ఉదయగిరిలో పుట్టింది. గోధుమరంగు పళ్లు, వంగిన కాళ్లు చూస్తూ పెరిగింది. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల అట్లా అవుతాయని చదువుకున్నాక తెలిసి, పీహెచ్‌డీకి అదే తీసుకుంది. 2012లో కొండ కింది పల్లె ఒకదానిలో ఇంటింటికీ ఫ్లోరైడ్‌ను పీల్చుకునే గుళికలున్న ఫిల్టర్ డబ్బా ఇచ్చి, నెలనెలా ఆడవాళ్ల మూత్రం పరీక్షకు పట్టుకెళ్లేది. మొదట్లో సిగ్గుపడి ఎవరూ ఇవ్వలేదు. గొర్రెలు మేపుకునే మాలకొండమ్మ ముందుగా తన సీసా ఇచ్చి, ఇల్లిల్లూ తిరిగి మిగతావాళ్లను ఒప్పించింది.

నాలుగు నెలలు ఫ్లోరైడ్ బాగా తగ్గింది. ఐదో నెల నలభై ఒక్క సీసాల్లో మళ్లీ మొదటికొచ్చింది. గైడు రామనారాయణ ఆ అంకెలు చూసి పెదవి విరిచాడు.

"మీటర్ చెడిపోయినట్టుండాదమ్మా. ఆ నలభై ఒకటి పక్కన పెట్టు."

"ఇంకోసారి చూస్తాను సార్."

"చూస్తా కూర్చుంటే పేపర్ ఈ ఏడాది రాదు. నీ ఇష్టం."

మీటర్ బాగానే ఉందని ఆమెకు తెలుసు. అయినా పక్కన పెట్టింది. మిగతా సీసాల లెక్క చూపించి, గుళికలు మార్చకుండా ఫిల్టర్ ఏడాది పాటు పనిచేస్తుందని రాసింది.

పదేళ్ల తర్వాత ఆ పల్లెకు మళ్లీ వెళ్లినప్పుడు మాలకొండమ్మ మంచం దిగలేకపోయింది. వెన్ను కొయ్యలా బిగుసుకుపోయింది. మూలన ఫిల్టర్ డబ్బా శుభ్రంగా తుడిచి ఉంది.

"ఒక్కరోజు మానలేదమ్మా. ఏటేటా కొత్త గుళికలు కొని పోసినాం. మరి నాకెందుకు ఇట్టయినాది?"

నగ్మా ఆ డబ్బాలోని నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేసింది. బోరు నీళ్లకూ వాటికీ తేడా లేదు. తర్వాత తప్పంతా రాసి, తన పత్రాన్ని వెనక్కి తీసుకోమని పత్రికకు పంపింది. రామనారాయణ ఫోన్ చేసి, "నా పేరు గూడా బురదలో వేస్తివి గదమ్మా" అని పెట్టేశాడు. పద్నాలుగు నెలలకు పత్రిక ఆ పత్రాన్ని రద్దు చేసింది. కాలేజీవాళ్లు రాజీనామా అడిగి తీసుకున్నారు.

నగ్మా మళ్లీ పల్లెకు వెళ్లి మాలకొండమ్మ మంచం పక్కన కింద కూర్చుంది.

"అక్కా, అది ఏడాది పనిచెయ్యదని నాకు అప్పుడే తెలుసు. రాయలేదు."

మాలకొండమ్మ మూలనున్న డబ్బా వైపు చూసింది.

"తెలిసీనా? అప్పుడే చెప్పుంటే పెన్నా నీళ్ల కోసం గట్టిగా అడిగేవాళ్లం గదమ్మా. డబ్బా ఉండాదిలే అని ఊరుకుంటిమి." ముఖం గోడవైపు తిప్పుకుంది. "ఇంక పో."

నగ్మా ఆత్మకూరు బస్టాండు దగ్గర చిన్న రక్తపరీక్షల ల్యాబ్ పెట్టుకుంది. మాలకొండమ్మ కోడలు గోపిక ఒకరోజు అక్కడికే వచ్చింది, పెన్నా నీళ్ల పైపులైను కోసం అర్జీ రాసిపెట్టమని.

"మా అత్తకు తెలీదు. తెలిస్తే తిడతాది. నా బిడ్డకు గూడా పళ్లు అట్టనే వస్తాండాయి."

అర్జీకి పత్రిక ఇచ్చిన రద్దు ప్రకటన జతచేసి ఇద్దరూ నీటి సరఫరా ఆఫీసుకు వెళ్లారు. ఇంజనీరు మర్యాదగానే విన్నాడు.

"మీ పేపర్ తప్పే అనుకుందాం మేడం. ఈ ఫిల్టర్లు మంచివని ఇంకా పన్నెండు పేపర్లు ఉండాయి మా ఫైల్లో. వాటి సంగతేంది?"

ఆమె ఆ పన్నెండూ తిరగేసింది. ఎవరూ ఏ పల్లెలోనూ నీళ్లు పరీక్షించలేదు. అందరూ ఆమె రాసిందే నమ్మి ఎత్తి రాసుకున్నారు. వాటిలో రెండు ఆమె పత్రం రద్దయ్యాక వచ్చినవి. ఆ మాట చెబితే ఆయన, "అయితే వాళ్ల చేత గూడా తప్పని రాయించుకుని రాండి" అన్నాడు.

పన్నెండు చోట్లకూ ఉత్తరాలు రాసింది. ముగ్గురు జవాబిచ్చారు. అచ్చయిపోయింది, ఇప్పుడేమీ చేయలేమని ఇద్దరు. చూస్తామని ఒకరు. రద్దయిన ఆమె పత్రాన్ని ఆధారంగా చూపినవాళ్లు ఈ ఏడాదికి ఏడువందలు దాటారు. పల్లెలో ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారు.