చంద్రప్ప గొంతు, దవాఖాన గొళ్లెం

చంద్రప్ప తాత గొంతుకు నారాయణఖేడ్‌లో ఫలానా పార్టీ అంటూ ఏదీ లేదు. ఆటో మీద రెండు మైకు గొట్టాలు, ఒక చేతిలో హ్యాండిలు, ఇంకో చేతిలో మైకు. ఎవరు పిలిస్తే వాళ్ల మాట చెప్పడమే ఆయన పని. బర్రె తప్పిపోయినా ఆ గొంతే, చీరలు సగం ధరకు వచ్చినా ఆ గొంతే, పశువులకు సూదులు వేస్తున్నా ఆ గొంతే. చావు కబురు కూడా చీరల కబురంత హుషారుగా చెప్పేవాడు. ఆ అలవాటు మాన్పించడానికి ఆయన భార్య మహాదేవమ్మ అవ్వకు నలభై ఏళ్లు పట్టింది. అదీ పూర్తిగా మానలేదు.

ఊరు ఆయనకు కిరాయి నోరు అని పేరు పెట్టింది. తాతకు దాని మీద కోపం లేదు. "కిరాయికే ఇచ్చిన, అమ్ముకోలే గదా" అనేవాడు.

నల్లబండ దవాఖాన గొడవ మొదలయ్యాక ఆ నోటికి గిరాకీ రెండింతలైంది. నల్లబండ ఖేడ్ దాటి మనూర్ పోయే తోవలో ఉంటుంది. అక్కడి ముప్పై పడకల సర్కారు దవాఖానను పట్నంలో ఉండే ఒక ట్రస్టుకు అప్పజెప్పాలని పైన ఎక్కడో ఆలోచన పుట్టింది. గోడలు సర్కారువే ఉంటాయి, డాక్టర్లూ మిషన్లూ ట్రస్టువి వస్తాయి. జనం ఏమంటారో వినడానికి నెలాఖరు సోమవారం సభ పెడుతున్నామని కాగితం అంటించారు.

అంతే, ఊరు రెండుగా చీలింది. వద్దనేవాళ్లు పెట్టుకున్న కమిటీకి సంగయ్య పెద్ద. బస్సు కండక్టరుగా రిటైరైనా, ప్రతి మాట చివర గాలిలో ఈల ఊదినట్టే ఆగేవాడు. "ఇయ్యాల పుక్కట్ల సూస్తరు. రేపు బిల్లు చేతుల పెడ్తరు. ఎల్లుండి గేటు కాడ వాచ్‌మెనే మనల ఆపుతడు" అనేది ఆయన వాదన. కావాలనేవాళ్లకు శివరాజ్ పెద్ద. కందిపప్పు మిల్లు ఆయనది. "స్కాను మిషను ఉన్నది, నడిపేటోడు లేడు. నడిపేటోడు వచ్చిన్నాడు మిషను లేవదు. సర్కారు పైసలియ్యాలె, నడుపుడు నడపొచ్చినోళ్లకు ఇయ్యాలె. గింతే ముచ్చట" అనేవాడు. ఇద్దరి మాటా విన్నప్పుడల్లా తాతకు నిజమే అనిపించేది. అది ఆయన వృత్తికి చాలా అనుకూలమైన గుణం.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కమిటీ ప్రచారం. "మన దవాఖాన మనకే కావాలె! అన్నలారా, అక్కలారా, మేలుకోండి!" తర్వాత చెట్టు నీడలో జొన్నరొట్టె తిని, ఆటోకు కట్టిన బట్ట బ్యానరు తిరగేసి కట్టేవాడు. వెనకవైపు ట్రస్టు రాతలుండేవి. "మేలైన వైద్యం మీ ముంగిట్లకు! అన్నలారా, అక్కలారా, మేలుకోండి!" రెండు పక్షాలనూ మేలుకొమ్మనేవాడు కాబట్టి అబద్ధం ఆడినట్టు కాదు. ఒకరోజు బ్యానరు తిరగేయడం మరిచిపోయి సాయంత్రమంతా తిరిగాడు. కమిటీ బ్యానరు కింద ట్రస్టు మాటలు వినిపించాయి. ఒక్కరు కూడా గమనించలేదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు గానీ, లోపల కొంచెం దిగులుపడ్డాడు.

సభకు వారం ముందు కల్హేర్ అంగట్లో ఆయన "అక్కలారా" అని దీర్ఘం తీస్తుండగా కింద ఏదో జారింది. మొలతాడు తెగిందనుకున్నాడు. చెయ్యి పెట్టి చూస్తే మొలతాడు బాగానే ఉంది, జారింది పేగు. నొప్పికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా ఆ వాక్యం పూర్తి చేసి మరీ మైకు ఆపాడు.

నల్లబండలో డాక్టర్ సుహాసిని చూసింది.

"దగ్గు తాతా" అంది.

తాత దగ్గాడు. పక్క గదిలో పసిపిల్ల ఏడుపు అందుకుంది.

"చాలు చాలు. హెర్నియా. ఆపరేషన్ చెయ్యాలె."

"పైసలెంతైతయి డాక్టరమ్మా?"

"ఏం కావు. కార్డున్నదిగా. కానీ నీ నోటికే పరేషాన్. ఆరు వారాలు అరవొద్దు. గట్టిగ దగ్గొద్దు. దగ్గినవనుకో, కుట్టు విప్పుకుంటది, మళ్ల నా కాడికే వస్తవ్."

"ఇగ నన్నేం జేసుకోమంటవ్?"

"మాట్లాడు. ఒకరికి వినవడేటట్టు."

ఒకరికి వినబడేలా మాట్లాడటం తాతకు చేతకాదు. ఇంట్లో మంచినీళ్లు అడిగినా మూడో ఇంటివాళ్లు చెంబు తెచ్చేవాళ్లు.

గురువారం ఆపరేషన్ అయింది. బాగా అయింది. ఆ మాట ఎవరు అడిగినా తాత ఇప్పటికీ ఒప్పుకుంటాడు. సుహాసిని చేతి కుట్టు చూసి ఖేడ్ దర్జీ కూడా మెచ్చుకున్నాడు. చిక్కు వచ్చింది కుట్టుతో కాదు, బాత్రూంతో.

మగవాళ్ల వార్డులో ఎనిమిది మందికి ఒకటే బాత్రూం. తలుపుకు లోపల గొళ్లెం ఉండాల్సిన చోట నాలుగు బొక్కలు మాత్రమే ఉన్నాయి. అందుకని రోగులే ఒక పద్ధతి పెట్టుకున్నారు. లోపలున్నవాడు అడుగుల చప్పుడు వినగానే దగ్గాలి. ఎవరి దగ్గు వాళ్లది. షుగరు పేషెంటు జోసెఫ్‌ది రెండు చిన్న దగ్గులు, కాలు విరిగిన కాశప్పది ఒక పొడుగు దగ్గు. మంచాల మీద పడుకునే లోపల ఎవరున్నారో చెప్పేవాళ్లు. బాగా నడిచే ఏర్పాటు. దానికి సర్కారు అక్కర్లేదు, ట్రస్టు అక్కర్లేదు. కావలసిందల్లా దగ్గు. తాతకు లేనిదీ అదే.

శుక్రవారం పొద్దున సంగయ్య పలకరించడానికి వచ్చాడు. వచ్చే ముందు మూడు చాయ్‌లు తాగాడు. నేరుగా బాత్రూం తలుపు తోశాడు. లోపల కూర్చున్న తాత నోరు తెరిచాడు. కుట్టు గుర్తొచ్చి మూశాడు. నలభై ఏళ్లుగా మూడు మండలాలకు వినిపించిన గొంతు, మూడడుగుల దూరంలో ఉన్న మనిషికి వినిపించలేదు. సంగయ్యకు ఏం చెయ్యాలో తోచక చేతులు జోడించి "నమస్తే అన్నా" అని తలుపు దగ్గరికి వేశాడు.

శనివారం శివరాజ్ వచ్చాడు. ఆయన నమస్తే కూడా పెట్టలేదు. తలుపు పట్టుకునే నిలబడి "కాకా, నీ కోసమే వచ్చిన. సోమవారం సభల నువ్వు మాట్లాడాలె" అని మొదలుపెట్టాడు.

"తలుపెయ్యి బిడ్డా" అన్నాడు తాత గుసగుసగా.

"ఆఁ? వినవడ్తలేదు కాకా, జర గట్టిగ చెప్పు."

ఆ రోజు నుంచి మహాదేవమ్మ అవ్వ బాత్రూం ముందు స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది. అవ్వ పుట్టిల్లు నాగల్‌గిద్ద అవతల. కోపం వస్తే కన్నడం కలుస్తుంది, కోపం రాని రోజు లేదు. వచ్చిన ప్రతి మగవాణ్ణీ ఆపి "ఒకటికా, రెంటికా? ఒకటికైతే బయటికి హోగు, గోడలున్నయి" అని దారి చూపించేది. వార్డులో సగం మందికి మూత్రం ఆగిపోయింది.

"ఏమే, ఇంటికి పోరాదు? మేకలు పరేషానైతయి" అన్నాడు తాత.

"సుమ్మనిరు, ఊకో! నీ మానం ముందా, నా మేకలు ముందా?" అని, కాసేపు ఆలోచించి, "రెండూ ఒకటే అనుకో" అంది.

గొళ్లెం కోసం అడగని మనిషి లేడు. నర్సు వినోద రిజిస్టరు తెచ్చి చూపించింది. "రెండుసార్లు రాసిన అవ్వా. ఇంజినీరు సార్లు వచ్చి తలుపు కొలతలు తీసుకపోయిండ్రు. మూడు నెలలాయె."

"ఎందుకాలస్యం? తలుపు పెరుగుతదేమోనని చూస్తుండ్రా?" అంది అవ్వ.

సంగయ్యను అడిగితే చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అన్నా, సభ అయ్యేదాక గొల్లెం మాట ఎత్తకు. సర్కారుకు గొల్లెం పెట్టుడే చాతగాదని వాళ్లు అంటరు. నీ మాట వాళ్లకు బలమైతది."

శివరాజ్‌ను అడిగితే ఆయన నవ్వాడు. "గొల్లెమెందుకు కాకా, ట్రస్టు రానీ, తలుపులే మారుస్తం. ఇప్పుడు పెడితే సర్కారుకు పేరొస్తది. పది రోజులు ఓపిక పట్టు."

ఇద్దరూ తలొక యాపిల్ ఇచ్చారు. సభలో తమ తరఫున మాట్లాడమని ఇద్దరూ అడిగారు. తాత ఇద్దరికీ తల ఊపాడు. రెండు యాపిల్స్ అవ్వే తింది.

సోమవారం నల్లబండ బడి గ్రౌండులో టెంటు వేశారు. జిల్లా నుంచి ఆఫీసరు వచ్చాడు. పక్కన ఇంజినీరు. అద్దెకు తెచ్చిన మైకు కీచుమంటుంటే తాత కూర్చున్న చోటే పళ్లు కొరుక్కున్నాడు. సంగయ్య గంటసేపు మాట్లాడాడు. పేదోళ్ల హక్కు, పన్నులు, రేపటి బిల్లులు. శివరాజ్ గంటకు తక్కువ మాట్లాడితే ఓడిపోయినట్టవుతుందని గంటా పది నిమిషాలు మాట్లాడాడు. స్కాను మిషను, ఖాళీ కుర్చీలు, పట్నం దాకా పోయి పోయిన ప్రాణాలు. చివర ఇద్దరూ ఒకే మాట అన్నారు: "చంద్రప్పనే అడుగుండ్రి. మొన్ననే ఆపరేషనైంది."

జనం నవ్వారు. "కిరాయి నోరొచ్చె! తాతా, పొద్దటి మాట చెప్తవా, మాపటి మాట చెప్తవా?" అని ఎవరో అరిచారు.

తాత మెల్లగా లేచి, పొట్ట మీద చెయ్యి అదుముకుని స్టేజీ ఎక్కాడు. మైకు నోటికి ఆనించి పెట్టుకుని, జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. విచిత్రమేమిటంటే టెంటంతా నిశ్శబ్దమైంది.

"నా పొట్ట కోసింది సర్కారు డాక్టరమ్మ. మంచి చెయ్యి. పైస తీసుకోలే. గది నిజం. బాత్రూంకు గొల్లెం లేదు. సంగయ్య నన్ను చూసిండు, శివరాజ్ నన్ను చూసిండు. గదీ నిజమే, వాళ్లనే అడుగుండ్రి."

ఆడవాళ్ల వైపు నవ్వులు పుట్టాయి. సంగయ్య చెప్పులు చూసుకున్నాడు.

"దవాఖాన ఎవలు నడిపితే మంచిదో నాకు తెల్వదు. పొద్దున ఒకటి, మాపున ఒకటి చెప్పిన నోరు ఇది. నాది ఒక్కటే సవాలు. గా తలుపుకు నాలుగు స్క్రూలు బిగించుడు ఎవల పని? ఆ మనిషిని ఒక్కసారి ఇక్కడికి పిలువుండ్రి. ఎట్లుంటడో చూసి పోత."

ఆఫీసరు ఇంజినీరు వైపు చూశాడు. ఇంజినీరు కాంట్రాక్టరు పేరు చెప్పాడు. కాంట్రాక్టరు రాలేదు. శివరాజ్ లేచి "ఇదే మేం చెప్పేది!" అన్నాడు. సంగయ్య లేచి "ఇదే మేం చెప్పేది! పని చేయించుకోవాలె గానీ అప్పజెప్పుడేంది?" అన్నాడు. జనంలోంచి ఒకాయన "తలా పది రూపాయలేసుకుని మనమే పెడ్దాం" అన్నాడు. సంగయ్య ఎర్రబడ్డాడు. "ఇయ్యాల గొల్లెం మనం కొంటే రేపు తలుపు కొనమంటరు. ఎల్లుండి డాక్టరమ్మ జీతం గూడ మనమే ఇయ్యాలె. ఇగ సర్కారెందుకు?" ఆ మాటకు చాలామంది చప్పట్లు కొట్టారు. సర్కారు ఆస్తి మీద బయటివాళ్లు స్క్రూ బిగించాలంటే రాతపూర్వక అనుమతి కావాలని ఇంజినీరు గుర్తుచేశాడు. గొళ్లెం మీద చర్చ ముప్పావు గంట సాగింది. దవాఖాన మీద కూడా అంత బాగా సాగలేదు.

చివరకు ఆఫీసరు చేతులెత్తాడు. "పదండి, చూద్దాం."

అందరూ గుంపుగా పక్కనే ఉన్న దవాఖానకు నడిచారు. వార్డులో మంచాల మీదివాళ్లు లేచి కూర్చున్నారు. ఆఫీసరు బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. లోపల టక్కుమని శబ్దం వచ్చింది. బయట ఎవరో తలుపు తోసి చూశారు. కదల్లేదు. చాలాసేపటికి ఆఫీసరు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "గొళ్లెం ఉన్నదయ్యా. బ్రహ్మాండంగా పనిచేస్తున్నది."

ఇంజినీరు ముఖం వెలిగిపోయింది. అక్కడికక్కడే కాగితం రాశారు. బాత్రూం తలుపునకు గొళ్లెం కలదు, ఫిర్యాదు నిరాధారం. సంగయ్య, శివరాజ్ ఇద్దరూ తాతను ఒకే చూపు చూశారు. బతుకంతా పరాయి మాటలు చెప్పినా తాతను ఎవరూ అబద్ధాలకోరు అనలేదు. తన మాట ఒక్కటి చెప్పాడో లేదో, సర్కారు కాగితం మీద అబద్ధాలకోరు అయ్యాడు.

తాత తలుపు లోపలికి తొంగి చూశాడు. ఆకుపచ్చ రంగు, కొద్దిగా వంకర, మధ్యలో కొమ్ముతో పొడిచిన గీత. ఆ గొళ్లెం ఆయనకు బాగా తెలుసు. పదిహేనేళ్లుగా ఇంటి మేకల కొట్టానికి ఉన్నదే. స్టూలు మీద మహాదేవమ్మ అవ్వ కూర్చుని ఉంది. సంచిలోంచి ఆటో స్క్రూడ్రైవరు పిడి కనిపిస్తోంది.

"నువ్వా?" అన్నాడు తాత గొంతు దించి.

"వాళ్లు మాట్లాడుతుండ్రు గదా. నాకు మాట్లాడొస్తదా?" అంది అవ్వ.

ఆ సాయంత్రం డిశ్చార్జై ఇంటికి చేరేసరికి మేకలు కొట్టంలో లేవు. పక్కవాళ్ల కంది చేలో ఉన్నాయి. చేనువాళ్ల తిట్లన్నీ అవ్వ నిలబడి, నోరెత్తకుండా తిన్నది. అట్లా జరగడం అదొక్కసారే.

ఆరు వారాలు గడిచాయి. దవాఖాన ఎవరు నడపాలో ఇంకా తేలలేదు. కానీ తాత గొంతు విడుదలైన రోజే కమిటీ పిలిచింది. నల్లబండలో గొళ్లెం తమ పోరాటంతోనే వచ్చిందని పొద్దున ఊరంతా చెప్పాడు. మధ్యాహ్నం రొట్టె తిని బ్యానరు తిరగేశాడు. ట్రస్టు వస్తుందన్న భయంతోనే గొళ్లెం వచ్చిందని సాయంత్రం ఊరంతా చెప్పాడు. రెండూ సమానమైన హుషారుతోనే చెప్పాడు.

తర్వాత ఆటో ఇంటి సందులోకి తిప్పి, మైకు ఆపబోయి, ఆపలేదు. ఎవరూ కిరాయి ఇవ్వని మాట ఒకటి మిగిలింది.

"అన్నలారా, అక్కలారా! స్క్రూలు బిగించింది మా మహాదేవమ్మ!"

గుమ్మంలోంచి అవ్వ చేట విసిరింది. "మెల్లగ చెప్పు ముసలోడా! కుట్టు పోతది!"