కట్టేసిన ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంటిని మోకులతో కట్టేసి ఉంచేవాళ్ళం. కావేరిపట్టణం పక్కన, మామిడితోపు అంచున, మట్టిగోడల మీద కొబ్బరిమట్టల కప్పు. ఆ కప్పు నాలుగు మూలల నుంచి నాలుగు లావాటి మోకులు దించి, నేలలో దిగ్గొట్టిన చింతగూటాలకు బిగించింది మా అవ్వ. ఆమె పుట్టిల్లు కడలూరు వైపు, సముద్రం ఒడ్డున. వాళ్ళ ఊళ్ళో ఇళ్ళన్నీ అలాగే కట్టేవారట. మా ఊరికి మాత్రం అది మా అవ్వ పిచ్చి.

"ఏమమ్మా, ఇల్లేమన్నా ఎద్దా, విప్పుకోని పోయేదానికి?" అని దారిన పోయేవాళ్ళు నవ్వేవాళ్ళు.

"ఎద్దయితే పొద్దుగూకేటప్పటికి ఇల్లు చేరుతుందప్పా. కప్పు పోతే తిరిగి రాదు" అనేది అవ్వ.

బడిలో పిల్లలు కూడా ఇదే మాటతో ఏడిపించేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టుండేది. అందుకే, తొమ్మిదేళ్ళ వయసులో ఒకరోజు వంటమూల మోకు విప్పేసి, దాంతో తోపులో ఉయ్యాల వేసుకున్నాను. ఎవరికీ అనుమానం రాకుండా దాని చోట ఒక సన్నటి జనపతాడు కట్టి, పైన గుమ్మడితీగ పాకించాను. ఎంత తెలివో నాది!

ఆ కార్తీకంలో తుపాను వచ్చింది. సముద్రంలో పుట్టింది ఇంత దూరం రాదులే అని ఊరంతా ధైర్యంగా ఉంది. నాన్న కృష్ణగిరి సంతకు పోయాడు. ఇంట్లో అవ్వ, అమ్మ, నేను, దూలానికి కట్టిన ఉయ్యాలలో నెలల తమ్ముడు. మధ్యాహ్నం దాటేసరికి తోపులో కొమ్మలు విరుగుతున్న చప్పుడు మొదలైంది. అవ్వ గాలి కొట్టే వైపు తలుపు మూసి గడియ పెట్టింది. తర్వాత వెనక తలుపు బార్లా తెరిచింది. నేను కెవ్వున అరిచాను.

"దూరిన గాలికి బయటికి పొయ్యే దారి ఇయ్యాల పాపా. లేకుంటే కప్పెత్తి దారి చేసుకుంటాది" అంది.

అప్పుడే జనపతాడు పుటుక్కుమంది. ఆ హోరులో ఇంకెవరికీ వినపడి ఉండదు, నాకు వినపడింది. వంటమూల కప్పు జానెడు పైకి లేచి దబ్బున పడింది. గోడమట్టి పొయ్యిలోకి రాలింది. దూలం అదిరి తమ్ముడి ఉయ్యాల ఎగిరిపడితే అమ్మ వాణ్ణి లాక్కుని గుండెకు అదుముకుంది. నేను దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని కూర్చున్నాను. చచ్చిపోతామన్న భయం ఒక పక్క, అవ్వకు తెలిసిపోతుందన్న భయం ఇంకో పక్క. సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండోదే పెద్దది.

"ముడి జారినట్టుంది, బిగించొస్తా" అని అవ్వ చీర పైకి చెక్కి వెనక గుమ్మం దాటబోయింది. ఎదురుగా పెరట్లో మామిడికొమ్మ ఒకటి విరిగి దొర్లుకుంటూ పోయింది. నేను పరిగెత్తి ఆమె కొంగు పట్టుకున్నాను. "పోవద్దవ్వా. ఆడ మోకు లేదు. నేనే తీసినాను."

అవ్వ నా మొహంలోకి ఒక్కసారి చూసింది. కొట్టలేదు. తిట్టలేదు. గోడకున్న బావి చేంతాడు తీసి, వంటమూల దూలానికి చుట్టి, రెండో కొస ఆ మూలనున్న రోటి నడుముకు బిగించి కట్టింది. తర్వాత నన్నెత్తి రోటి మీద కూర్చోబెట్టింది. "కదలొద్దు. నువ్వు లేస్తే కప్పు లేస్తాది" అంది.

ఆవులు ఇంటికి తిరిగొచ్చే వేళ దాకా అలాగే కూర్చున్నాను. కాళ్ళు మొద్దుబారాయి. పావడా తడిసింది, వానకో భయానికో చెప్పలేను. ఇల్లంతా నా బరువు మీదే ఆగి ఉందని నమ్మాను. కప్పు నిలిచింది. మా వీధిలో చాలా ఇళ్ళకు నిలవలేదు. మర్నాడు నవ్వినవాళ్ళే వచ్చి, గూటం ఎంత లోతు దిగాలని అవ్వను అడిగారు. మోకు సంగతి అవ్వ చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు.

పెళ్ళయ్యాక ఒకసారి పుట్టింట్లో అలుకుతూ ఆ రోలు జరపబోయాను. అంగుళం కదల్లేదు. దాన్ని కదిలించడానికి ఇద్దరు మగవాళ్ళు కావాలి. తొమ్మిదేళ్ళ పిల్ల బరువుతో ఆ రోటికేం పని? చేతిలో అలుకుగుడ్డతో అక్కడే చతికిలబడి ఏడ్చాను.

ఇప్పుడు ఉండేది హోసూరులో. మా మేడ మీద ఫ్యాక్టరీ పిల్లలు అద్దెకుంటారు, వాళ్ళ గదికి రేకుల కప్పు. సెల్లులో తుపాను కబురు వస్తే ఈ వయసులోనూ నాకు చెమటలు పడతాయి. మేడెక్కి ఒక్కో బోల్టూ తిప్పి చూస్తాను, ముందు వంటమూల. మొన్నటి గాలికి పైన రేకులు దడదడలాడుతుంటే మనవరాలు నన్ను కరుచుకుని వణికిపోయింది. దాన్ని బియ్యం మూట మీద కూర్చోబెట్టి, "కదలొద్దమ్మా, నువ్వు లేస్తే కప్పు లేస్తాది" అన్నాను. అది ఏడుపు ఆపి, రెండు చేతులతో మూటను గట్టిగా పట్టుకుంది.

కాసేపు చూసి, నేనూ వెళ్ళి ఆ మూట మీదే దాని పక్కన కూర్చున్నాను.