తలుపు దగ్గర నన్ను నిలబెట్టిన దేవసహాయం సార్

డ్రాయింగ్ మాస్టరు దేవసహాయం సార్ పోయారన్న సంగతి నాకు భూస్థాపన అయిన మర్నాడు బస్టాండులో తెలిసింది. ఆయనతో ఏళ్ల తరబడి ఒకే బడిలో పనిచేసినవాణ్ణి. కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు. చేతిలో టీ అలాగే చల్లారిపోయింది.

జహీరాబాద్‌లో మా బడి పక్క చర్చి గోడల మీద ఆయన వేసిన బైబిల్ బొమ్మలు చూడనివారు తక్కువ. వాటిలో ఒకదాంట్లో బైబిల్లోని పేద విధవ రూతు, మా పక్కనున్న ఝరాసంగం జొన్నచేలో కంకులు ఏరుతుంది. "గ్రంథంలో యవల చేను కదా" అని పాస్టరు గారు అడిగితే, "యవలు మనోళ్లు ఎన్నడు సూసిన్రు అయ్యగారు? జొన్నకంకులు ఏరుకునే ఆకలైతే అందరికి ఎరుకనే" అన్నారు. పాస్టరు గారికి జవాబు వెంటనే దొరికింది. నా ప్రశ్నకు జవాబు దొరకడానికి ఏళ్లు పట్టింది.

ఎవరిని చూసి గీస్తున్నారో వారికి, బొమ్మ పూర్తయ్యేదాకా, అందులో తాము ఏ పాత్రో చెప్పకపోవడం ఆయన పద్ధతి. డెబ్బైల చివర్లో యేసు పుట్టుక బొమ్మ కోసం నన్ను ఆదివారాలు బడి తలుపు పట్టుకొని నిలబడమన్నారు. బస కోసం తలుపు తడుతున్న మరియ భర్త యోసేపును నేనేననుకున్నాను. ఇంట్లో చెప్పాను కూడా. క్రిస్మస్‌కు తెర తీశారు. మా ఊరి దగ్గరి చిరాగ్‌పల్లిలో లారీ దిగిన నిండు గర్భిణి మరియ, మూట మోస్తున్న యోసేపు. ఎదురుగా జాగా లేదంటూ లాడ్జి తలుపు మూస్తున్నవాణ్ణి నేను. యోసేపు ముఖం మా అటెండరుది.

"ఏం సార్, మీ తాన జర జాగ దొరుకుతదా?" అని స్టాఫ్ రూములో నా బెంచీ మీద కూర్చోబోతూ అడిగినవాళ్లు ఎవరెవరో నాకు గుర్తుంది.

ముఖం మార్చమని ఏటా అడిగాను. ఒకసారి అన్నారు: "గా మనిషిని పాపాత్ముని లెక్క గీయలే సార్. లోపల నిజంగనే జాగ లేదు. యాడ మార్చాల్నో మీరే సూపెట్టున్రి."

వెళ్లి చూశాను. కనుబొమల మధ్య చిరాకు నాదే. ఒక చేయి తలుపు మీద ఉంది. రెండో చేయి వాళ్లకు పశువుల కొట్టం చూపిస్తోంది. అంతవరకు నేను ఆ చేతిని గమనించలేదు. అయినా అడగడం మానలేదు.

మొన్న సంతాప సభలో చర్చి సంఘపెద్ద, "ఇగ ఫికర్ చేయకున్రి సార్. పండుగకు పెయింటర్ వస్తుండు, మీ మొఖం మార్పిస్త" అన్నారు.

వద్దన్నాను.

"ఇన్నేండ్లు మీరే గద అడిగిన్రు?"

"నేను అడిగింది దేవసహాయం సార్‌ను."

గోడ ముట్టుకోవద్దని అర్జీ రాసి ఇచ్చి వచ్చాను. నాకు జరిగింది అన్యాయమనే ఇప్పటికీ అంటాను. దాన్ని సరిదిద్దగల చేయి ఒక్కటే ఉండేది. ఆ చేతికి నమస్కారం.