పద్నాలుగో వరుస

నా చిన్నప్పుడు నాకు తెలుగు చదవడం వచ్చింది బడిలో కాదు, సిడ్నీలోని టూంగాబీలో మా పెద్దమ్మ నడిపిన హోటల్ వంటగదిలో. అక్కడ కూల్ రూమ్ తలుపు పక్కన గోడకి నీలం టేపుతో అంటించిన ఒక కాగితం ఉండేది. హోటల్ మూసే ముందు చూసుకోవాల్సిన పనులన్నీ మా పెదనాన్న దాని మీద గుండ్రటి అక్షరాలతో వరుసగా రాశారు. ఒకటి నుంచి పద్నాలుగు దాకా అంకెలు వేశారు. పదమూడు అంకెల పక్కన పని రాసి ఉంది. పద్నాలుగు పక్కన ఏమీ లేదు. ఇన్నేళ్ళయినా కళ్ళు మూసుకుంటే నాకు ముందు కనిపించేది ఆ ఖాళీయే.

మా అమ్మ ఆసుపత్రిలో నర్సు, నాన్న టాక్సీ నడిపేవారు. శని, ఆదివారాలు ఇద్దరికీ డ్యూటీ ఉండటంతో నన్ను పెద్దమ్మ దగ్గర దింపి వెళ్ళేవారు. ఇప్పుడంటే ఏ సందులో చూసినా ఇడ్లీ దొరుకుతుంది కానీ, అప్పట్లో మా సాంబారు కోసం గంట దూరం నుంచి కార్లలో వచ్చేవారు జనం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మూడింటికి హోటల్ మూసి, ఇంటికెళ్ళి కాసేపు నడుం వాల్చి, ఆరింటికి మళ్ళీ తెరిచేవాళ్ళు. ఆ మూసే పావుగంటే నా చదువు. నేను వరుసగా బిగ్గరగా చదవాలి. పెద్దమ్మ వెళ్ళి ఆ వస్తువుని చేత్తో తాకి 'అయ్యింది' అనాలి. అప్పుడు నేను టిక్కు పెట్టాలి.

తాకాలన్నది మా పెదనాన్న పెట్టిన నియమం. ఆయన ఈ దేశం రాకముందు రైలింజన్ల మరమ్మతు షెడ్డులో పనిచేశారు. అలవాటైన చోట కన్ను చూడదని, చూసినట్టు మనల్ని నమ్మిస్తుందని, చెయ్యి మాత్రం అబద్ధమాడదని అనేవారు. మా పెద్దమ్మకి ఇదంతా చాదస్తంగా ఉండేది. పుట్టిబుద్ధెరిగినప్పటినుంచీ వంట చేస్తున్నదాన్ని, పొయ్యి కట్టేశానో లేదో నాకు కాగితం చెప్పాలా అని సణుగుతూనే వెళ్ళి తాకేది. ఆవిడ సణగని రోజున మాకు ఒంట్లో బాగాలేదేమోనని అనుమానం వచ్చేది.

పద్నాలుగు దగ్గర మాత్రం ఆవిడ సణిగి ఊరుకోలేదు. కూల్ రూమ్ అంటే గదంత ఫ్రిజ్. మందపాటి తలుపు, గుమ్మంలో వేలాడే ప్లాస్టిక్ తెర, లోపల పిండి బకెట్లు, పెరుగు బకెట్లు, కూరగాయల అరలు. హోటల్‌కి తాళం వేసే ముందు ఆ తలుపు తీసి, లోపల ఎవరైనా ఉండిపోయారేమో పిలిచి చూడాలని పెదనాన్న రాయబోయారు. పెద్దమ్మ పెన్ను లాక్కుంది.

"శుభమా అని వ్యాపారం చేసుకుంటుంటే గోడ మీద అలాంటి రాతలేంటండీ? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అంది.

చెడ్డ మాట పైకి అంటే వాళ్ళు తథాస్తు అనేస్తారని, అది జరిగి తీరుతుందని ఆవిడ భయం. ఒకసారి అంటేనే అంత ప్రమాదమైతే, ఇక రాసిపెట్టి రోజూ పిల్లచేత బిగ్గరగా చదివించడమా! పెదనాన్న వాదన పెట్టుకోలేదు. అంకె మాత్రం వేసి పక్కన ఖాళీ వదిలేశారు. పద్నాలుగు అనగానే ఏం చెయ్యాలో నాకు విడిగా చెప్పి, గుర్తుంటుందా అని అడిగారు. ఉంటుందన్నాను. మూసే వేళకి ఆయన హోటల్లో ఉంటే ఆ పని ఆయనే చేసేవారు. తలుపు తీసి, చలిగాలిలోకి తల పెట్టి, "ఎవరమ్మా లోపల?" అని పిలిచి, జవాబు కోసం కాసేపు ఆగేవారు. ఎవరూ లేని గదిని అంత మర్యాదగా పలకరించడం చూసి నేను పడీపడీ నవ్వేదాన్ని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక వేసవిలో, ఆ తలుపుకి లోపలి వైపు ఉండే గుండీ పాడయింది. లోపలున్న మనిషి దాన్ని తోస్తే తలుపు తెరుచుకోవాలి. అది వదులైపోయి, ఎంత తోసినా ఊరికే తిరిగేది. బాగుచేసే మనిషి బుధవారం వస్తానన్నాడు. తలుపేమో దాని బరువుకి అదే మూసుకుపోయే రకం. అందుకని అప్పటిదాకా ఎవరు లోపలికి వెళ్ళినా గుమ్మంలో ఉల్లిపాయల బస్తా అడ్డం పెట్టుకోవాలని పెదనాన్న అందరికీ చెప్పారు.

బుధవారం కంటే ముందు ఆదివారం వచ్చింది. పొద్దున్నుంచీ ఎండ మాడ్చేస్తోంది. పడమటి గాలి పొయ్యి మీంచి వచ్చినట్టుంది. ఎక్కడో అడవి తగలబడుతోందని రేడియోలో చెబుతున్నారు, ఆకాశమంతా పొగరంగు. వెనక సందులో యూకలిప్టస్ చెట్టు మీద రోజూ చెవులు చిల్లులు పడేలా అరిచే పిట్టలు ఆ రోజు ఒక్కటీ లేవు. పెద్దమ్మ వాళ్ళ పెరట్లో గాలి ఊది నింపే చిన్న స్విమ్మింగ్ పూల్ ఉండేది. ఎప్పుడెప్పుడు వెళ్ళి దాన్లో పడదామా అని నా ప్రాణం కొట్టుకుంటోంది. ఆ రోజే నాలుగింటికల్లా బ్లాక్‌టౌన్‌లో ఎవరింట్లోనో సీమంతానికి నలభై మందికి భోజనాలు అందించాలి. పెదనాన్న వ్యాన్‌ని వెనక సందులో పెట్టుకుని గిన్నెలు ఎక్కిస్తున్నారు. మూడింటిలోపే బయల్దేరతానన్నారు. తిని వెళ్ళమంటే వచ్చాక తింటానన్నారు. ఆయనకి షుగర్ ఉంది, ఆకలికి ఆగకూడదు.

మూడవుతుంటే ఆయన కనిపించలేదు. వెళ్ళిపోయారనే అనుకున్నాం. నేను కాగితం ముందు నిలబడి చదవడం మొదలుపెట్టాను. ఒకటి, గ్యాస్ కట్టెయ్యాలి. రెండు, నూనె మూకుడు మీద మూత. నోరు చదువుతోంది కానీ మనసు నీళ్ళలో ఉంది. ఆరో వరుస, నడిచే దారిలో బస్తాలు ఉండకూడదు. కూల్ రూమ్ గుమ్మంలో ఉల్లిపాయల బస్తా ఉంది. పొద్దున్నుంచీ ఎవరో ఒకరు లోపలికెళ్ళి వచ్చి దాన్ని తియ్యడం మర్చిపోతూనే ఉన్నారు. ఇప్పుడూ అంతే అనుకుంది పెద్దమ్మ. ప్లాస్టిక్ తెర వెనక ఏమీ కనపడలేదు కూడా. విసుక్కుంటూ బస్తాని పక్కకి లాగింది. తలుపు మెల్లగా వచ్చి మూసుకుంది. పెద్దమ్మ 'అయ్యింది' అంది, నేను టిక్కు పెట్టాను.

తొమ్మిదో వరుస, వెనక సందులో చెత్తడబ్బా మూత. దానికోసం పెద్దమ్మ వెనక తలుపు తీసి, ఆ ఎండలోకి వెళ్ళి, మూత తాకి తిరిగి రావాలి. ఎప్పుడూ అక్కడే ఆలస్యమయ్యేది. నేను ఎనిమిది చదివి పదికి వెళ్ళిపోయాను. తొమ్మిదికి కూడా టిక్కు పెట్టేశాను. పెద్దమ్మ కనిపెట్టలేదు, పైగా ఇవాళ భలే చదువుతున్నావే అని మెచ్చుకుంది. ఆ వెనక తలుపు తీసి ఉంటే, వ్యాన్ ఇంకా సందులోనే ఉండటం ఆవిడ చూసేది.

పదమూడు చదివాక డబ్ డబ్ అని రెండు చప్పుళ్ళు వినిపించాయి. నేను ఆగాను. ఫ్రిజ్ మోటారు అప్పుడప్పుడు అలా కొట్టుకునే మాట నిజమే. కానీ మోటారు చప్పుడు పైకప్పు నుంచి వస్తుంది. ఇది తలుపులోంచి వచ్చింది. ఆ తేడా నాకు అప్పుడే తెలిసింది, తెలియలేదని ఇప్పుడు ఈ వయసులో అబద్ధమాడలేను.

"తర్వాతేంటి తల్లీ, క్విక్‌గా కానీ, ఉడికిపోతున్నాం" అని ముందుగదిలోంచి పెద్దమ్మ కేకేసింది. అప్పటికే ఆవిడ చేతిలో తాళంచెవులు ఉన్నాయి.

"పద్నాలుగు" అన్నాను. దాని పక్కన చదవడానికి ఏమీ లేదు. తలుపు దగ్గరికి వెళ్ళాలి, తీయాలి, పిలవాలి. అన్నీ గుర్తున్నాయి. పెద్దమ్మ అక్కడినుంచే "అయ్యింది, పద" అంది. నేను టిక్కు పెట్టాను.

నాలుగున్నరకి ఇంట్లో ఫోన్ మోగింది. నేను పెరట్లో నీళ్ళలో ఉన్నాను, వంటింటి కిటికీ తెరిచి ఉంది. సీమంతం వాళ్ళు. భోజనాలు రాలేదని, పెద్దవాళ్ళు ఎదురుచూస్తున్నారని అంటున్నట్టున్నారు. ఆయన బయల్దేరి చాలాసేపయ్యిందని, ట్రాఫిక్‌లో ఉన్నారేమోనని పెద్దమ్మ సర్దిచెప్పి ఫోన్ పెట్టేసింది. పెట్టేసి అక్కడే నిలబడిపోయింది. "దారిలో గానీ ఏమైనా..." అనబోయి చేత్తో నోరు మూసుకుంది. అప్పుడు కూడా ఆ మాట పూర్తి చెయ్యలేదు.

నేను నీళ్ళలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. తెలుగు మాట ఒక్కటీ నోటికి రాలేదు.

"హీ ఈజ్ ఇన్ ద కూల్ రూమ్, పెద్దమ్మా. ఐ డిడన్ట్ ఓపెన్ ద డోర్" అన్నాను.

చప్పుళ్ళ సంగతి చెప్పలేదు. ఆవిడ చెప్పుల్లేకుండానే కారు దగ్గరికి పరిగెత్తింది. నేను తడి బట్టలతో పక్క సీట్లో కూర్చున్నాను. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు ఆవిడ పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం బయటికి రావడం లేదు. ఆ లైటు మారడానికి పట్టినంత సేపు నా జీవితంలో మరే పనికీ పట్టలేదు.

కూల్ రూమ్ తలుపు తీయగానే పెదనాన్న మా మీదకి వాలిపోయారు. ఖాళీ గోనెసంచులు రెండు భుజాల మీద కప్పుకుని, మేం వెళ్ళిపోయాక అరిచి అరిచి గొంతు పోయి, ఆ గంటన్నరా తలుపుకి ఆనుకుని నిలబడే ఉన్నారు. పెరుగు బకెట్ పక్కనే ఉంది. వ్యాన్‌లో పెట్టడానికి అదొక్కటే మిగిలితే, దానికోసం లోపలికి వెళ్ళారు. పెదవులు నీలంగా ఉన్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఆ చెయ్యి పట్టుకుంటే మనిషి చెయ్యిలా లేదు. అంబులెన్స్‌లో వచ్చినవాళ్ళలో ఒకావిడ తోటివాళ్ళతో, ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని మెల్లగా అంది. పెద్దమ్మకి వినపడిందో లేదో తెలియదు, నాకు వినపడింది.

ఆయన్ని మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. చూడటానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, లోపలినుంచి కొడితే బయట ఒక్కరికీ వినపడలేదా అని. నేను మంచం చివర నిలబడి నేల చూసేదాన్ని. "అంత మందం తలుపండీ అది. ఇవతలి మాట అవతలికి ఏం వినపడుద్ది? పాపం పిల్లకేం తెలుసు" అనేవారు పెదనాన్న. నేను ఆ మాటని గట్టిగా పట్టుకున్నాను. అయితే నేను విన్నది మోటారు చప్పుడే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ రాత్రి నుంచి నిద్ర కూడా పట్టింది.

రెండు వారాల తర్వాత ఒక శనివారం హోటల్ వెనక మెట్టు మీద ఆయన చిక్కుడుకాయలు బాగుచేస్తున్నారు. నేను పక్కన కూర్చుని ఈనెలు తీస్తున్నాను. ఆయన తల ఎత్తకుండానే అన్నారు.

"ఆ రోజు తొమ్మిది చదవలేదు కదమ్మా."

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. నేను తొమ్మిది వదిలేసిన సంగతి పెద్దమ్మకి తెలియదు. కాగితం మీద టిక్కు ఉంది. అది తెలిసే వీలు లోకంలో ఒక్కరికే ఉంది, తలుపుకి అవతల నిలబడి నా చదువు విన్న మనిషికి. నా గొంతు ఆయన దాకా వెళ్ళిందంటే, ఆయన చప్పుడు నా దాకా వచ్చే ఉంటుంది. అది ఆయనకీ తెలుసు. ఆసుపత్రిలో అందరి ముందూ ఆయన చెప్పింది నా కోసం ఆడిన అబద్ధం.

"తలుపు పడగానే అరుద్దామనుకున్నా. మీ పెద్దమ్మ హడలిపోద్ది, ఎందుకులే, పద్నాలుగు వస్తదిగా అని నిలబడ్డా. నువ్వు చదువుతా ఉంటే నేనూ లెక్కపెట్టుకుంటానే ఉన్నా" అన్నారు.

ఆ గొంతులో కోపం వెతికాను, దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది. నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే ఆయన ఊరుకోమనలేదు. కాసేపటికి ఇంకో గుప్పెడు చిక్కుడుకాయలు నా ఒళ్ళో పోశారు. బతికినంత కాలం మళ్ళీ ఆ ఊసెత్తలేదు, ఎవరికీ చెప్పలేదు.

పెద్దమ్మ మాత్రం ఆయన ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే పెన్ను తీసుకుని పద్నాలుగో వరుస తన చేత్తో పూర్తి చేసింది. తలుపు తీసి, లోపల ఎవరైనా ఉండిపోయారేమో పిలిచి చూడాలి. రాసి, ఎందుకైనా మంచిదని చివర చిన్నగా 'శ్రీరామ' అని కూడా రాసింది.

ఇప్పుడు స్కోఫీల్డ్స్‌లో నాదే ఒక హోటల్ ఉంది. నా దగ్గర పనిచేసే యూనివర్సిటీ పిల్లలు నన్ను ఆంటీ అంటారు, వెనకాల ఇంకేమంటారో నాకు తెలియంది కాదు. మొదట్లో చెక్‌లిస్ట్ ట్యాబ్లెట్‌లో పెట్టాను. వాళ్ళు సోఫాలో కూర్చుని బొటనవేలితో టకటకా అన్నీ టిక్కు పెట్టేస్తుంటే చూసి, మర్నాడే దాన్ని తీసేసి గోడకి కాగితం అంటించాను. ఒకరు చదవాలి, ఒకరు వెళ్ళి తాకాలి. కూల్ రూమ్ కొత్తది, లోపలి గుండీ చీకట్లో కూడా మెరుస్తుంది, అలారం ఉంది. "ఎవ్రీబడీ ఇక్కడే ఉన్నాం కదా ఆంటీ, ఇంకా ఎవర్ని పిలుస్తారు?" అని నవ్వుతుంది ఒకమ్మాయి. నవ్వనిస్తాను. ఆ వయసులో నేనూ నవ్వినదాన్నే.

పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. పండు వయసులో, తన మంచం మీద, వెచ్చటి దుప్పటి కింద నిద్రలోనే వెళ్ళిపోయారు. పెద్దమ్మ నా దగ్గరే ఉంటోంది. తలుపు మందం వల్లే వినపడలేదని ఆవిడ ఇప్పటికీ అనుకుంటోంది. చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను, ఆయన దాచిపెట్టినదాన్ని తీయడానికి నాకు చేతులు రాలేదు.

రోజూ మూసేటప్పుడు ఆ కాగితం నేనే చదువుతాను, మరొకరికి ఇవ్వను. ఒక్క వరుసా దాటను, ఎంత అలసిపోయినా తొందరపడను. నేను ఒకటి అనగానే మా పెదనాన్న ఆ తలుపుకి అవతల గోనెసంచులు కప్పుకుని నిలబడి, నాతోపాటు లెక్కపెట్టుకుంటూ, పద్నాలుగు కోసం ఎదురుచూస్తుంటారు.